కంట్ల తేలే నల్ల చుక్కలకి లేజర్: ఎవరికి పనికొస్తది, ఎవరికి అక్కర్లేదు

కంటి ముందు నల్ల చుక్క, వెంట్రుక ముక్క, సాలెగూడు లాంటిది ఏదో తేలుతున్నట్టు కనిపించేవాళ్ళు మన దగ్గర చాలామందే ఉన్నరు. పత్తి చేన్ల తెల్లగ పగిలిన కాయల మీద చూపు పెట్టినప్పుడు, ఎండల మెరిసే సున్నం గోడ చూసినప్పుడు, లాప్‌టాప్ తెరిస్తే వచ్చే తెల్ల స్క్రీన్ మీద ఇవి బాగ తెలుస్తయి, చీకట్ల తెలియవు. దోమ అనుకుని చెయ్యితోని కొట్టుకుంటరు, అది పోదు, చూపు ఎటు తిప్పితే అటు కొంచెం ఆలస్యంగ ఊగుకుంట వస్తది. వీటినే ఫ్లోటర్స్ అంటరు. వీటికి లేజర్ ఉంది, కూర్చోబెట్టి పది నిమిషాల్ల తీసేస్తరు అనే వీడియోలు ఈ మధ్య ఫోన్లల్ల బాగ తిరుగుతున్నయి, హన్మకొండల కరీంనగర్ల కంటి డాక్టర్ దగ్గరికి పోయి అదే లేజర్ కావాలె అని అడిగేవాళ్ళు కూడా పెరిగిండ్రు. లేజర్ ఉన్నమాట నిజమే, అది పనిచేసేవాళ్ళు కూడా ఉన్నరు, కాకపోతే ఆ గుంపు చిన్నది. దానికంటే పెద్ద సంగతి ఇంకోటి ఉంది, ఫ్లోటర్ కొత్తగ వచ్చిన వారం రోజుల్ల చేయించుకోవాల్సిన పరీక్ష ఒకటి ఉంటది, అది వదిలేసి లేజర్ ఎక్కడ చేస్తరు, ఎంత తీసుకుంటరు అని ఆరా తీసుకుంట కూర్చుంటే చూపు పోయే ప్రమాదం ఉంది.

ముందు అసలు ఈ చుక్క ఏందో చూద్దాం. కంట్ల ముందు వైపు ఉండే లెన్స్‌కి, వెనక గోడకి అతుక్కుని, వెలుగుని పట్టుకునే రెటీనా అనే పొరకి మధ్యల విట్రియస్ అనే జెల్లీ నిండి ఉంటది. సుమారు 4 మిల్లీలీటర్లు, కనుగుడ్డు లోపలి జాగల 80 శాతం దాకా ఇదే. అందుల 98 శాతానికి పైన నీళ్ళే, మిగిలింది కొల్లాజెన్ అనే సన్నటి పోగులు, ఆ పోగులని దూరం దూరం పట్టి ఉంచే హయలురోనిక్ యాసిడ్. చిన్న వయసుల ఇదంతా ఒకే తీరుగ, అద్దం లెక్క తేటగ ఉంటది. వయసు మీద పడేకొద్దీ జెల్లీ మధ్య మధ్యల నీరుగ మారుతది, అప్పుడు పోగులు ఒకదానికొకటి అతుక్కుని కట్టలు కడతయి, ఆ కట్టల నీడ రెటీనా మీద పడుతది. మనం చూసేది ఆ నీడనే. కట్ట రెటీనాకి దగ్గరగ ఉంటే చిన్నదైనా నీడ నల్లగ గీత గీసినట్టు పడుతది, దూరంగ ఉంటే మసకగ మబ్బు కమ్మినట్టు పడుతది. ఈ ముక్క గుర్తుంచుకుంటే లేజర్ ఎవరికి కుదురుతదో ఎవరికి కుదరదో తర్వాత ఈజీగ అర్థమైతది.

ఇంకా వయసు పైబడితే జెల్లీ మొత్తం కుంచించుకపోయి రెటీనా నుంచి ఊడి ముందుకి వస్తది. దీన్ని పీవీడీ అంటరు, పోస్టీరియర్ విట్రియస్ డిటాచ్‌మెంట్. 40 ఏండ్ల లోపల అరుదు, 60 దాటినంక చాలా మామూలు, జుట్టు నెరిసినట్టే ఇది కూడా వయసుతోని వచ్చే మార్పు. మైనస్ పవర్ ఎక్కువ ఉన్నవాళ్ళకి, మోతిబిందు ఆపరేషన్ అయినవాళ్ళకి, కంటికి గట్టి దెబ్బ తగిలినవాళ్ళకి ముందే వస్తది. కంటి నరం చుట్టూ జెల్లీ పట్టుకుని ఉన్న జాగ ఊడినప్పుడు గుండ్రటి రింగు ఒకటి దాంతోపాటు లేచి వస్తది, డాక్టర్లు వైస్ రింగ్ అంటరు. పేషెంటుకి అది పెద్ద సున్నా లాగనో, సగం విరిగిన గాజు ముక్క లాగనో కనిపిస్తది. ఒక కంట్ల వచ్చిన ఒకటి రెండేండ్లకి రెండో కంట్ల కూడా వచ్చుడు మామూలే.

ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. జెల్లీ ఊడేటప్పుడు కొన్ని జాగలల్ల రెటీనాని గట్టిగ పట్టుకుని గుంజుతది, గుంజినప్పుడు చీకట్ల కూడా కంటి పక్క భాగంల తళుక్కుమని మెరుపు వస్తది. ఇంకా గట్టిగ గుంజితే రెటీనా చిరుగుతది. ఒక్కసారిగ చుక్కలు, మెరుపులు మొదలై డాక్టర్ దగ్గరికి వచ్చిన పీవీడీ పేషెంట్లల్ల 100కి 8 నుంచి 22 మందికి చిరుగు దొరుకుతదని వేర్వేరు స్టడీలు చెప్తున్నయి, ఇది తక్కువ లెక్కేం కాదు. ఆ చిరుగులకెల్లి నీరు వెనక్కి పోతే రెటీనా గోడ నుంచి లేస్తది, పక్కనుంచి నల్ల పరదా జరుపుకుంట వచ్చినట్టు చూపు మూసుకుపోతది. చూపు నడిమి భాగం అంటే మాక్యులా దాకా లేచిందంటే, ఆపరేషన్ బాగ అయినా పాత చూపు పూర్తిగ తిరిగి రాకపోవచ్చు. బాధేందంటే ఇందుల కన్ను ఎర్రబడదు, నొప్పి ఉండదు, నీళ్ళు కారవు, అందుకే మనోళ్ళు వాయిదా వేస్తరు, పత్తి ఏరుడు అయిపోనియ్, మిర్చి ఏనుమాముల మార్కెట్‌కి తోలినంక పోదాం, పెండ్లి అయినంక చూపిద్దాం అనుకుంట రెండు మూడు వారాలు గడిచిపోతయి. చిరుగు దశల దొరికితే కూర్చోబెట్టి చేసే చిన్న లేజర్‌తోని ఆగే జబ్బు, ఆ రెండు మూడు వారాల తర్వాత ఆపరేషన్ థియేటర్ దాకా పోతది.

ఇప్పుడు లేజర్ల సంగతి. కంటికి చేసే లేజర్ ఒక్కటే అని చాలామంది అనుకుంటరు, నిజానికి మన ఊర్లల్ల ఎవరైనా లేజర్ చేయించుకున్న అంటే అది నాలుగైదు వేర్వేరు పనుల్ల ఏదో ఒకటి అయి ఉంటది. అద్దాలు తీసేయడానికి చేసే లాసిక్ కంటి ముందు నల్లగుడ్డు మీద ఉండే కార్నియాకి చేస్తరు, ఫ్లోటర్‌కి దానికి ఏ సంబంధం లేదు, లాసిక్ చేయించుకుంటే చుక్కలు కూడా పోతయి అనుకునే పిల్లలు ఉన్నరు, పోవు. షుగర్ వల్ల రెటీనాల రక్తనాళాలు దెబ్బతిన్నవాళ్ళకి గ్రీన్ లేజర్ చేస్తరు, చిరుగు చుట్టూ మచ్చలు పెట్టి అతికించడానికి వాడేది కూడా గ్రీన్ లేజరే, 532 నానోమీటర్ల వెలుగు, వేడితోని రెటీనాని కాల్చి అతుకు పడేటట్టు చేస్తది, అతుకు గట్టి పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతది. ఇది చూపుని కాపాడే లేజర్, కానీ చుక్కని తీసేది కాదు. అందుకే చిరుగుకి లేజర్ చేయించుకున్నోళ్ళు ఇంటికొచ్చి, డబ్బులు తీసుకుని లేజర్ కొట్టిండ్రు గాని చుక్క అట్లనే ఉంది, మోసం చేసిండ్రు అని డాక్టర్‌ని తిట్టుకుంటరు, ముందే ఒక్క నిమిషం కూర్చోబెట్టి చెప్తే ఈ గొడవ ఉండదు.

ఇంకోటి, మోతిబిందు ఆపరేషన్ అయిన కొన్నాళ్ళకి మళ్ళ మసక వస్తది, లోపల పెట్టిన లెన్స్ వెనక ఉన్న సన్నటి సంచికి పొర పడుతది, దాన్ని యాగ్ లేజర్ అనే మెషీన్‌తోని రెండు నిమిషాల్ల తెరుస్తరు. మా నాయినకి పొర లేజర్‌తోని తీసిండ్రు, తెల్లారే చూపు వచ్చింది అని జనం చెప్పుకునేది దీని గురించే. ఫ్లోటర్‌కి చేసే లేజర్ కూడా యాగే, 1980ల నుంచి కంటి డాక్టర్ల చేతుల్ల ఉన్న టెక్నాలజీ, కాబట్టి అక్కడ అంత ఈజీగ అయింది ఇక్కడ కూడా అట్లనే అయితది అనే నమ్మకం పుడుతది. రెంటికి చాలా తేడా ఉంది. అక్కడ పొర ఒక జాగల కదలకుండ, లెన్స్‌కి ఆనుకుని, మెషీన్ ముందే కనిపిస్తది. ఇక్కడ టార్గెట్ జెల్లీల ఊగుతుంటది, లోతుల ఉంటది, వెనక కొన్ని మిల్లీమీటర్లల్లనే రెటీనా.

యాగ్ విట్రియోలైసిస్ అనేది దాని పేరు. కంట్ల మత్తు చుక్కలు వేసి, కంటిపాప పెద్దగ చేసి, కంటి మీద ప్రత్యేకమైన కాంటాక్ట్ లెన్స్ ఆనించి, గదవ స్టాండు మీద పెట్టి కూర్చోబెడతరు. 1064 నానోమీటర్ల వెలుగు, కంటికి కనిపించదు, ఒక్కో షాట్ సెకనుల వందకోట్లో వంతుల లెక్కల మాత్రమే ఉంటది, అంత తక్కువ టైంల అంత ఎనర్జీ ఒక్క చుక్క మీద పడేసరికి అక్కడ ప్లాస్మా పుట్టి ఆ పోగుల కట్ట ముక్కలైతది, కొంత గ్యాస్ బుడగలుగ మారి తర్వాత కరిగిపోతది. వేడితోని కాల్చే గ్రీన్ లేజర్‌కి, ఇట్ల పేల్చి ముక్కలు చేసే దీనికి పని తీరులనే తేడా. ఒక సిట్టింగ్‌ల వందల షాట్లు పడొచ్చు, టక్ టక్ అని సప్పుడు వినిపిస్తది, నొప్పి ఉండదు, చాలామందికి రెండు మూడు సిట్టింగులు కావాల్సి వస్తది. పొర తెరిచే మామూలు యాగ్ మెషీన్ల వెలుగు పక్కనుంచి పడుతది, జెల్లీ లోతుల ఉన్న ఫ్లోటర్‌ని చూడాలంటే వెలుగు, చూపు, లేజర్ మూడూ ఒకే దారిల పోవాలె, దానికోసం చేసిన మెషీన్లు వేరే ఉంటయి. యాగ్ మెషీన్ ఉన్న ప్రతి ఆసుపత్రిల ఇది చేయలేరు, చేయకపోవడమే మంచిది కూడా.

పనిచేస్తదా అంటే, నమ్మదగిన స్టడీలు తక్కువ. 2002ల బ్రిటన్ నుంచి వచ్చిన ఒక రిపోర్టుల లేజర్ చేయించుకున్నవాళ్ళల్ల మూడో వంతు మందికే కొంత మేలు కనిపించింది. 2017ల అమెరికాల షా, హయర్ అనే ఇద్దరు డాక్టర్లు ఇంకొంచెం గట్టిగ చూసిండ్రు, 52 మందిని తీసుకుని 36 మందికి నిజం లేజర్, 16 మందికి ఉత్త లేజర్, అంటే సప్పుడు వస్తది గాని లోపల ఏం పడదు, పేషెంటుకి తనది ఏదో తెలియదు. 6 నెలల తర్వాత నిజం లేజర్ గుంపు ఇబ్బంది 54 శాతం తగ్గిందని చెప్పింది, ఉత్త గుంపు 9 శాతం అన్నది. చాలా బాగైంది లేదా పూర్తిగ పోయింది అన్నవాళ్ళు మొదటి గుంపుల 53 శాతం, రెండో గుంపుల ఒక్కరు కూడా లేరు. ఇది మంచి రిజల్టే, కాదనేది లేదు. కానీ ఈ 52 మంది ఎవరో చూడాలె, అందరికీ పీవీడీ అయ్యి వైస్ రింగ్ ఉన్నవాళ్ళే, ఆ రింగు లెన్స్‌కి కనీసం 5 మిల్లీమీటర్లు, రెటీనాకి కనీసం 3 మిల్లీమీటర్లు దూరంల ఉన్నవాళ్ళనే తీసుకున్నరు. సగం మందికి పనిచేసింది అని యాడ్‌ల రాసేటోళ్ళు ఈ షరతులు రాయరు, చదివేవాళ్ళు తమకి కూడా సగం చాన్స్ ఉంది అనుకుంటరు, అక్కడే దెబ్బ తింటరు.

ఎందుకంటే ఈ లేజర్ గురించి ఎక్కువ వెతికేది పెద్దవాళ్ళు కాదు, పిల్లలు. 20 నుంచి 35 ఏండ్ల లోపల, మైనస్ 4, మైనస్ 6 పవర్ ఉన్నోళ్ళు, పొద్దంత తెల్ల స్క్రీన్ ముందు కూర్చుని చదివేవాళ్ళు, కోడ్ రాసేవాళ్ళు, గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్ళు. వీళ్ళకి పీవీడీ అయి ఉండదు, రింగు ఉండదు, ఉండేది సన్నటి దారాలు, పూసలు గుచ్చినట్టు ఉండే గీతలు, అవి రెటీనాకి బాగ దగ్గర్ల ఉంటయి కాబట్టే అంత స్పష్టంగ కనిపిస్తయి. అంత సన్నదాన్ని డాక్టర్ మైక్రోస్కోప్‌ల చూసి పట్టుకోవడమే కష్టం, పట్టుకున్నా రెటీనాకి అంత దగ్గర లేజర్ కొట్టడం ప్రమాదం. ఎవరిని ఈ చుక్కలు ఎక్కువ సతాయిస్తయో వాళ్ళకే ఈ లేజర్ అందనిది, ఈ మాట డాక్టర్ మెల్లగ విడమరిచి చెప్తే వాళ్ళు ఇంకో సిటీకి తిరగడం ఆపుతరు. ఏం కాదు పో, పట్టించుకోకు అని రెండు ముక్కల్ల పంపించేస్తే మాత్రం వాళ్ళు ఆగరు. ఎందుకంటే వాళ్ళ బాధ నిజమైంది. గోడ మీద అక్షరాల చార్టుల 6/6 వస్తది, అయినా లేత రంగుల తేడా పట్టుకునే శక్తి, కాంట్రాస్ట్ అంటరు, అది ఫ్లోటర్స్ వల్ల తగ్గుతదని పరీక్షల్ల తేలింది. 2011ల సింగపూర్‌ల పేషెంట్లని అడిగితే, ఈ చుక్కలు లేకుండ బతకడానికి మిగిలిన ఆయుష్షుల ప్రతి 10 ఏండ్లకి సగటున 1.1 ఏండ్లు వదులుకోవడానికి రెడీ అన్నరు. ఇంత ఇబ్బంది పడేవాళ్ళని చార్టు చదివిన్రు కదా అని పంపించుడు సరి కాదు.

మరి ఎవరికి ఆలోచించొచ్చు అంటే, 50 దాటి, పీవీడీ పూర్తిగ అయి, ఒకటే పెద్ద రింగు లేదా గట్టి ముద్ద కంటి నడుమ తేలుతూ చదువుకి, బండి నడపడానికి అడ్డం పడుతున్నవాళ్ళు, చుక్క వచ్చి కనీసం నాలుగైదు నెలలు దాటినా మారకుండ ఉన్నవాళ్ళు, రెటీనాల చిరుగు లేదని పరీక్షల తేలినవాళ్ళు. మోతిబిందు ఆపరేషన్ అయినవాళ్ళైతే ఒక రిస్క్ తగ్గుతది, సొంత లెన్స్‌కి లేజర్ తగిలి మోతిబిందు వచ్చే భయం వాళ్ళకి ఉండదు. మిగిలిన రిస్కులు అందరికీ ఉంటయి, కంటి ప్రెషర్ పెరిగి గ్లకోమా రావచ్చు, రెటీనాకి షాట్ తగలొచ్చు, తర్వాత చిరుగు పడొచ్చు, పెద్ద ముద్ద నాలుగు చిన్న ముక్కలై ముందుకంటే ఎక్కువ చుక్కలు కనిపించొచ్చు. ఇవి తరచుగ కావు, కానీ అయితయి, పేషెంటుకి ముందే చెప్పాలె.

షుగర్ ఉన్నోళ్ళ సంగతి వేరే చెప్పుకోవాలె. వాళ్ళకి ఒక్కసారిగ మసిబొట్లు కారినట్టు, ఎర్రటి నల్లటి పొగ కమ్మినట్టు వస్తే అది జెల్లీ పోగు అయ్యే చాన్స్ తక్కువ, రక్తనాళం చిట్లి విట్రియస్‌ల రక్తం చేరి ఉండొచ్చు. దానికి యాగ్ పనికిరాదు, గ్రీన్ లేజర్, ఇంజెక్షన్, అవసరమైతే ఆపరేషన్, అంతకంటే ముందు షుగర్ కంట్రోల్. కన్ను ఎర్రబడి, వెలుగు చూడలేక, నొప్పితోని చుక్కలు వచ్చినా అది లోపలి వాపు, యువైటిస్ కావచ్చు, మందులు వేరే.

పరీక్ష గురించి ఒకటి గట్టిగ చెప్పాలె. అద్దాల షాపుల కంప్యూటర్‌ల చూసి పవర్ చెప్పేది రెటీనా పరీక్ష కాదు. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్ల మొదలైన కంటి వెలుగు, 2023 జనవరిల ఖమ్మం నుంచి నడిచిన రెండో విడత, ఇవి లక్షలమందికి చూపు పరీక్షించి అద్దాలిచ్చిన మంచి పని, కానీ క్యాంపుల చూపు బాగుంది అన్నరు కదా అని కొత్తగ వచ్చిన చుక్కల్ని వదిలేయడానికి లేదు. పాప పెద్దగ చేసే చుక్కలు వేసి, అరగంట ఆగి, తలకి లైటు పెట్టుకుని పడుకోబెట్టి రెటీనా అంచుల దాకా చూడాలె, చిరుగులు ఎక్కువ అంచుల్లనే ఉంటయి. వరంగల్ల ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, హన్మకొండ, కరీంనగర్లల్ల రెటీనా డాక్టర్లు దొరుకుతరు, ఇంకా పెద్ద పని అయితే హైదరాబాద్ల సరోజినీ దేవి ఆసుపత్రి, ఎల్వీ ప్రసాద్ ఉన్నయి, 150 కిలోమీటర్లే. చుక్కలు వేసినంక నాలుగైదు గంటలు దగ్గరివి మసకగ, ఎండ కండ్లకి కొట్టినట్టు ఉంటది, కాబట్టి నర్సంపేట నుంచో పరకాల నుంచో బండి నడుపుకుంట ఒక్కరే రావొద్దు, తోడు ఎవరినన్నా తెచ్చుకోవాలె. మొదటిసారి చిరుగు లేకపోయినా నెల, నెలన్నరకి ఇంకోసారి చూపించుకోమంటరు, కొందరికి చిరుగు తర్వాత పడుతది, ఆ రెండో చెకప్‌కి మనోళ్ళు సగం మంది పోరనిపిస్తది.

చిరుగు లేదు, లేజర్‌కి సరిపోరు, అప్పుడేంది? చాలామందికి టైమే మందు. మెదడు ఆ నీడని పట్టించుకోవడం మానేస్తది, చుక్క కూడా జెల్లీల కిందికి జారి చూపు దారి నుంచి తప్పుకుంటది, మూడు నుంచి ఆరు నెలలల్ల ఇబ్బంది బాగ తగ్గుతది. స్క్రీన్ డార్క్ మోడ్ల పెట్టుకోవడం, బయట కూలింగ్ గ్లాసులు పెట్టుకోవడం చిన్నవే గాని నిజంగ పనిచేస్తయి. కంట్ల వేసుకుంటే చుక్కలు కరిగిపోయే డ్రాప్స్ ఇప్పటిదాకా రాలేదు. అనాసపండు రోజూ తింటే పోతయి అనే మెసేజ్ ఒకటి తిరుగుతది, దానికి నమ్మదగిన రుజువు లేదు, షుగర్ ఉన్నోళ్ళు ఆ మాట నమ్మి తింటే నష్టమే. ఆకు పసరు, తేనె కంట్ల పోయించుకోవడం అయితే అసలే వద్దు, ఫ్లోటర్ లోపల ఉంటది, పసరు బయట కార్నియాని పుండు చేస్తది.

మరీ భరించలేనివాళ్ళకి విట్రెక్టమీ ఉంది, సన్నటి గొట్టాలతోని జెల్లీనే తీసేసే ఆపరేషన్. చుక్కలు పోవడంల లేజర్ కంటే ఇదే నమ్మకం, 2002 రిపోర్టుల కూడా ఆపరేషన్ అయినవాళ్ళల్ల దాదాపు అందరికీ పోయినయి. కానీ ఇది కన్ను తెరిచి చేసే ఆపరేషన్, సొంత లెన్స్ ఉన్న 50 దాటినవాళ్ళకి రెండేండ్లల్ల మోతిబిందు రావడం దాదాపు ఖాయం, రెటీనా లేవడం, ఇన్‌ఫెక్షన్ రిస్కులు కూడా ఉన్నయి. అందుకే చాలామంది డాక్టర్లు చుక్కల కోసమే ఇది చేయడానికి వెనకాడతరు, ఆ వెనకాడుడు పేషెంటు మంచికే. బెల్జియంల ఘెంట్ యూనివర్సిటీల బంగారు నానో కణాలు పోగులకి అంటించి తక్కువ ఎనర్జీ లేజర్‌తోని తుంచే ప్రయోగాలు నడుస్తున్నయి, ఇంకా ల్యాబ్ దశే.

లేజర్‌కి ఒప్పుకునే ముందు డాక్టర్‌ని అడగాల్సినవి అడగాలె: నాకు పీవీడీ పూర్తిగ అయిందా, రింగు ఉందా, రెటీనాకి లెన్స్‌కి ఎంత దూరంల ఉంది, రెటీనా అంచుల దాకా చూసిన్రా, ఈ మెషీన్ విట్రియస్ పని కోసమేనా, ఇప్పటిదాకా ఎంతమందికి చేసిన్రు, తగ్గకపోతే ఎన్ని సిట్టింగుల దగ్గర ఆపేస్తరు. వీటికి సూటిగ జవాబు చెప్పని దగ్గర, ఈ రోజే చేయించుకుంటే డిస్కౌంట్ అనే దగ్గర చేయించుకోవద్దు. చేయించుకున్న రోజు గంట సేపు ఆగి కంటి ప్రెషర్ చూపించుకునే ఇంటికి పోవాలె, ఒకటి రెండు రోజులు చిన్న బుడగలు కిందికి జారినట్టు కనిపించుడు మామూలే, తర్వాత వారాల్ల ఎప్పుడైనా కొత్త మెరుపులు, చుక్కల గుంపు, పక్కనుంచి నీడ వస్తే రాసిచ్చిన చెకప్ తారీఖు దాకా ఆగకుండ అదే రోజు రెటీనా డాక్టర్ దగ్గరికి పోవాలె.